గింప్‌తో ఛాయాచిత్రాల సవరణ

గింప్ అనేది డిజిటల్ ఛాయాచిత్రాలను సవరించడానికి, బొమ్మలను కూర్చడానికి, ఒక రకపు చిత్ర ఫైలును మరొక రకానికి మార్చడానికి ఉపయోగపడే స్వేచ్ఛా సాఫ్టువేరు. 1995లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు దీనికి శ్రీకారం చుట్టారు. ఇది లినక్సు, విండోస్, మాక్ కంప్యూటర్లపై పనిచేస్తుంది. గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సు కింద విడుదలవుతున్నందున దీనిని ఎవరైనా రుసుము లేకుండా పొందవచ్చును, ఇతరులకు పంచవచ్చును.

ఈ వ్యాసంలో గింప్ చరిత్రతో పాటు, దాని సహాయంతో ఛాయాచిత్రాలను సవరించడం నేర్చుకొనే క్రమం వివరించబడినది. మెనూల పేర్లు గింప్ ఆంగ్ల రూపంలో ఎలా కనిపిస్తాయో అలాగే తెలుగు లిపిలో ఇవ్వడమైనది.

చరిత్ర

బర్క్‌లీలో ఎక్స్‌పెరిమెంటల్ కంప్యూటింగ్ ఫెసిలిటీ అనే విద్యార్థుల బృందం ఒకటి ఉండేది. కింబల్, మాటిస్ ఆ బృందంలో సభ్యులు. చదువులో భాగంగా మొదలుపెట్టిన పని క్రమంగా పూర్తిస్థాయి సాఫ్టువేరుగా ఎదిగినది. 0.54 అనే తొలి బహిరంగ రూపం 1996లో వెలువడినది. మొదట దీని పేరు జనరల్ ఇమేజ్ మ్యానిప్యులేషన్ ప్రోగ్రామ్. 1997లో గ్నూ ప్రాజెక్టు వ్యవస్థాపకుడు రిచర్డ్ స్టాల్‌మన్ బర్క్‌లీకి వచ్చినపుడు, ఆయన అంగీకారంతో 'జనరల్' అనే మాట స్థానంలో 'గ్నూ' చేరినది. పొడి అక్షరాలు మారలేదు గనుక గింప్ అనే పేరు అలాగే నిలిచినది.

లినక్సు చిహ్నమైన టక్స్ అనే పెంగ్విన్ బొమ్మను 1996లో లారీ యూయింగ్ గింప్‌తోనే గీశాడు. గింప్ సొంత చిహ్నం పేరు విల్బర్. నోటిలో కుంచె పట్టుకొని ఉండే ఈ జంతువును 1997లో టూమస్ కూస్మానెన్ రూపొందించాడు. విండోస్‌పై పనిచేసేలా గింప్‌ను మలచే పనిని టోర్ లిల్‌క్విస్ట్ చేపట్టాడు.

గింప్ తొలి రూపం మోటిఫ్ అనే సాధన సంపుటిపై ఆధారపడినది. అది స్వేచ్ఛా సాఫ్టువేరు కాకపోవడంతో కింబల్, మాటిస్ తమ సొంత సంపుటిని తయారు చేసుకొని దానికి గింప్ టూల్‌కిట్ అని పేరు పెట్టారు. అదే నేటి జీటీకే. లినక్సు కంప్యూటర్లలో విరివిగా వాడే గ్నోమ్ డెస్క్‌టాప్ ఆ పునాదిపైనే నిర్మించబడినది. ఒక చిత్ర సవరణ సాఫ్టువేరు కోసం తయారైన పరికరం ఎన్నో ఇతర సాఫ్టువేర్లకు ఆధారమైనది.

ముఖ్యమైన విడుదలలు ఇవి:

* 1.0 - 1998 జూన్.
* 2.0 - 2004 మార్చి.
* 2.8 - 2012 మే. విడివిడి కిటికీలకు బదులు అన్నీ ఒకే కిటికీలో కనిపించే సదుపాయం వచ్చినది.
* 2.10 - 2018 ఏప్రిల్. ఒక్కొక్క రంగుకు 16 లేక 32 బిట్ల ఖచ్చితత్వంతో లెక్కించే శక్తి వచ్చినది.
* 3.0 - 2025 మార్చి. ఒకసారి ప్రయోగించిన ఫిల్టరును చిత్రంలో కలిపివేయకుండా ఉంచి, తరువాత దాని విలువలను మార్చుకొనే వీలు వచ్చినది.

స్వేచ్ఛ, ఉచితం

స్వేచ్ఛా సాఫ్టువేరు అంటే కేవలం డబ్బు చెల్లించనవసరం లేనిది అని అర్థం కాదు. వాడుకరికి నాలుగు స్వేచ్ఛలు ఉండాలి: ఏ ప్రయోజనం కోసమైనా వాడుకొనే స్వేచ్ఛ, అది ఎలా పనిచేస్తుందో చదివి తెలుసుకొనే స్వేచ్ఛ, ప్రతులను పంచే స్వేచ్ఛ, మార్పులు చేసి ఆ మార్పులను పంచే స్వేచ్ఛ. ఉచితంగా దొరికే సాఫ్టువేర్లన్నింటికీ ఈ లక్షణాలు ఉండవు.

విద్యార్థుల విషయంలో ఈ తేడా ముఖ్యమైనది. ఈ రంగంలో ప్రసిద్ధమైన అడోబి ఫొటోషాప్ 1990లో విడుదలైన వాణిజ్య సాఫ్టువేరు. 2013 తరువాత దాని కొత్త రూపాలు చందా పద్ధతిలోనే లభిస్తున్నాయి. చందా కట్టలేక దొంగ ప్రతులతో నేర్చుకొనేవారికి చట్టపరమైన చిక్కులే కాక, ఆ ప్రతులతో పాటు వైరస్‌లు వచ్చే ప్రమాదమూ ఉన్నది. గింప్‌ను బడిలోని కంప్యూటర్లన్నింటిలోనూ స్థాపించి, విద్యార్థులకు ఇంటికి కూడా ప్రతిని ఇచ్చి పంపవచ్చును. అందుకు ఎవరి అనుమతీ అవసరం లేదు. అయితే గింప్‌ను దాని అధికారిక వెబ్‌సైటు నుండి గాని, లినక్సు పంపిణీ భాండాగారం నుండి గాని మాత్రమే దించుకోవడం క్షేమం.

డిజిటల్ చిత్రం స్వరూపం

డిజిటల్ చిత్రం గళ్ళ కాగితం వంటిది. ఒక్కొక్క గడిని పిక్సెలు అంటారు. అడ్డంగా 4000, నిలువుగా 3000 పిక్సెళ్ళు ఉన్న చిత్రంలో మొత్తం 1,20,00,000 పిక్సెళ్ళు ఉంటాయి. దీనినే 12 మెగాపిక్సెళ్ళు అంటారు.

ప్రతి పిక్సెలులోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల పాళ్ళను తెలిపే మూడు సంఖ్యలు ఉంటాయి. సాధారణమైన 8 బిట్ల చిత్రంలో ఒక్కొక్క సంఖ్య 0 నుండి 255 వరకు ఉండవచ్చును. మూడూ 0 అయితే నలుపు, మూడూ 255 అయితే తెలుపు. మూడూ సమానమైతే బూడిద రంగు. ఈ విధంగా 256 × 256 × 256, అంటే 1,67,77,216 రంగులను సూచించవచ్చును.

దీనిని బట్టి, ఛాయాచిత్ర సవరణ అంటే ఈ సంఖ్యలను మార్చడమేనని తెలుస్తుంది. కెమెరా నమోదు చేసిన సంఖ్యలను సర్దవచ్చును, కలపవచ్చును, తీసివేయవచ్చును. నమోదు కాని దానిని మాత్రం రాబట్టలేము. ఉదాహరణకు, ఎండలో తీసిన ఫొటోలో తెల్లచొక్కా భాగమంతా 255గా నమోదైతే, దాని మడతలు ఏ సాఫ్టువేరుతోనూ తిరిగి రావు. మూడు సంఖ్యలూ పైహద్దును తాకిన చోట మడతల సమాచారమే లేదు. చీకటి మూలలో అంతా 0గా నమోదైన భాగానికీ ఇదే వర్తిస్తుంది. ఈ వ్యాసంలో ముందు చెప్పబోయే జాగ్రత్తలన్నింటికీ మూలం ఈ ఒక్క సూత్రమే: పోయిన సమాచారం తిరిగి రాదు.

ఫైలు రకాలు

చిత్రాలను దాచే పద్ధతులు అనేకం ఉన్నవి. వాటిలో మూడింటిని గూర్చి తెలుసుకోవడం అవసరం.

* జేపెగ్: సెల్‌ఫోన్లు, కెమెరాలు విరివిగా వాడే రకం. ఇది చిత్రాన్ని ఎనిమిదేసి పిక్సెళ్ళ చదరాలుగా విడదీసి, కంటికి అంతగా తెలియని వివరాలను వదిలివేసి, ఫైలును చిన్నది చేస్తుంది. సవరించి మళ్ళీ జేపెగ్‌గా దాచిన ప్రతిసారీ మరికొంత నష్టం జరుగుతుంది. జెరాక్సు ప్రతికి జెరాక్సు తీస్తూ పోతే అక్షరాలు మసకబారడం వంటిదే ఇది. ఫైలును తెరిచి చూసినంత మాత్రాన గాని, నకలు తీసినంత మాత్రాన గాని నష్టం ఉండదు.
* పీఎన్‌జీ: వివరాలను వదలకుండా కుదించే రకం. పారదర్శకతను దాచగలదు. పటాలకు, రేఖాచిత్రాలకు, అక్షరాలున్న బొమ్మలకు అనువైనది. ఛాయాచిత్రాలకు వాడితే ఫైలు పెద్దదవుతుంది.
* ఎక్స్‌సీఎఫ్: గింప్ సొంత రకం. బర్క్‌లీ విద్యార్థి బృందం పేరులోని పొడి అక్షరాలే దీని పేరు. పొరలు, ముసుగులు, ఎంపికలు అన్నీ ఇందులో భద్రంగా ఉంటాయి. సగంలో ఆపిన పనిని మరునాడు కొనసాగించాలంటే ఈ రకంలోనే దాచాలి.

2.8 రూపం నుండి ఫైల్ మెనూలోని 'సేవ్' ఎక్స్‌సీఎఫ్ రకంలో మాత్రమే దాస్తుంది. జేపెగ్, పీఎన్‌జీ వంటివి కావాలంటే 'ఎక్స్‌పోర్ట్ యాజ్' వాడాలి. కొత్తవారు తికమకపడే మొదటి చోటు ఇదే. పని చేసే ప్రతి వేరు, ఇతరులకు ఇచ్చే ప్రతి వేరు అని గుర్తుంచుకొంటే ఈ ఏర్పాటులోని మంచి అర్థమవుతుంది.

పొరలు, ముసుగులు

గింప్‌లో చిత్రాన్ని పొరలు పొరలుగా కూర్చవచ్చును. ఒక పటంపై ట్రేసింగు కాగితం పరచి, దానిపై గీతలు గీసినట్లు ఊహించుకోవచ్చును. పై కాగితాన్ని తీసివేస్తే కింది పటం చెక్కు చెదరకుండా ఉంటుంది. లేయర్ మెనూలోని 'డూప్లికేట్ లేయర్'తో అసలు పొరకు నకలు తీసి, ఆ నకలుపైనే మార్పులు చేస్తే అసలు పొర అడుగున భద్రంగా ఉంటుంది. పొర పక్కనున్న కంటి గుర్తును నొక్కి, సవరణకు ముందు, తరువాత చిత్రం ఎలా ఉన్నదో పోల్చుకోవచ్చును.

ఒక పొరలో కొంత భాగమే కనిపించాలంటే ముసుగు వాడాలి. మెనూలో దీని పేరు 'లేయర్ మాస్క్'. ముసుగులో తెల్లగా ఉన్న చోట పొర కనిపిస్తుంది, నల్లగా ఉన్న చోట మరుగవుతుంది, బూడిద రంగు ఉన్న చోట పాక్షికంగా కనిపిస్తుంది. ఉదాహరణకు, గుడి గోపురం ఫొటోలో ఆకాశం సరిగానే ఉండి గోపురం మాత్రం నల్లగా వచ్చినదనుకుందాం. నకలు పొరను మొత్తంగా వెలుగు పెంచి, దానికి ముసుగు తగిలించి, ఆకాశం భాగంలో నల్లరంగు పూస్తే వెలుగు గోపురానికే పరిమితమవుతుంది. హద్దు దాటి పూసినా నష్టం లేదు, తెల్లరంగుతో మళ్ళీ సరిచేయవచ్చును. రబ్బరుతో చెరిపివేస్తే పోయేది, ముసుగు వేస్తే దాగి మాత్రమే ఉంటుంది. అందువలన రబ్బరు పరికరం కంటే ముసుగును అలవాటు చేసుకోవడం మేలు.

సవరణ క్రమం

సవరణలకు ఒక వరుస ఉన్నది. ఆ వరుస తప్పితే చేసిన పనినే మళ్ళీ చేయవలసి వస్తుంది.

1. అసలు ఫైలుకు నకలు తీయడం: కెమెరా నుండి వచ్చిన ఫైలును వేరొక ఫోల్డరులో ఉంచి, నకలును మాత్రమే గింప్‌లో తెరవాలి. పూర్వం స్టూడియోలలో నెగెటివును దాచి ఉంచి ప్రింట్లు ఇచ్చేవారు. డిజిటల్ ఫొటోకు ఈ అసలు ఫైలే నెగెటివు.

2. వంపు సరిచేయడం, అంచులు కత్తిరించడం: సముద్రం అంచు గాని, గోడ గాని పక్కకు ఒరిగి ఉంటే మెజర్ పరికరంతో ఆ గీత వెంబడి కొలిచి 'స్ట్రెయిటెన్' నొక్కాలి. ఈ సదుపాయం 2.10 నుండి ఉన్నది. తరువాత క్రాప్ పరికరంతో అనవసరమైన అంచులను కత్తిరించాలి. తిప్పిన ప్రతిసారీ పిక్సెళ్ళ విలువలు తిరిగి లెక్కించబడి కొంత మసక ఏర్పడుతుంది గనుక కొద్దికొద్దిగా పలుమార్లు తిప్పక, ఒకేసారి తిప్పడం మంచిది.

3. వెలుగునీడలు: కలర్స్ మెనూలోని 'లెవెల్స్' తెరిస్తే కొండల వరుస వంటి పటం కనిపిస్తుంది. దానిని హిస్టోగ్రామ్ అంటారు. ఎడమ కొస నలుపు, కుడి కొస తెలుపు. ఏ వెలుగులో ఎన్ని పిక్సెళ్ళు ఉన్నాయో ఎత్తు తెలుపుతుంది. వెలవెలబోయిన ఫొటోలో ఈ కొండ మధ్యలోనే ఉండి రెండు కొసలూ ఖాళీగా ఉంటాయి. కింది త్రికోణాలను కొండ పాదాల వద్దకు జరిపితే చిత్రం తేటపడుతుంది. మధ్య త్రికోణం నడిమి వెలుగును మారుస్తుంది.

ఇందులోని లెక్కను ఒక ఉదాహరణతో చూడవచ్చును. ఒక చిత్రంలో విలువలు 40 నుండి 200 వరకే ఉన్నాయనుకుందాం. లెవెల్స్ వాటిని 0 నుండి 255 వరకు సాగదీస్తుంది. విలువలో నుండి 40 తీసివేసి, 255తో గుణించి, 160తో భాగించాలి. 40 కాస్తా 0 అవుతుంది, 200 కాస్తా 255 అవుతుంది, 120 సుమారు 128 అవుతుంది. అయితే మొదట ఉన్నవి 161 మెట్లే. వాటిని 256 స్థానాలలో సర్దినపుడు 95 స్థానాలు ఖాళీగా మిగులుతాయి. హిస్టోగ్రామ్ దువ్వెన పళ్ళవలె కనిపించడానికి కారణమిదే. చిత్రం తేటపడినది గాని కొత్త వివరమేదీ పుట్టలేదు. ఇటువంటి సాగదీతలు పలుమార్లు చేస్తే ఆకాశం వంటి నున్నని భాగాలలో చారలు ఏర్పడతాయి. పనిచేసేటపుడు ఇమేజ్ మెనూలోని 'ప్రెసిషన్'ను 16 బిట్లకు మార్చుకొంటే లెక్కలలో జరిగే ఈ నష్టం తగ్గుతుంది.

4. రంగుల సమతౌల్యం: బల్బు వెలుతురులో తీసిన ఫొటోలు పసుపుగా, నీడలో తీసినవి నీలంగా వస్తాయి. లెవెల్స్‌లోని బూడిదరంగు ఎంపిక పరికరంతో, చిత్రంలో నిజానికి బూడిదరంగులో ఉండవలసిన చోటును నొక్కితే మిగిలిన రంగులు దానిననుసరించి సర్దుకొంటాయి. సిమెంటు గోడ, నలిగిన తెల్లకాగితం నీడ ఇందుకు అనుకూలం. పసుపు రాసిన గడపను గాని, కావిరంగు గోడను గాని నొక్కితే రంగులు తారుమారవుతాయి.

5. మచ్చలు తొలగించడం: క్లోన్ పరికరం ఒక చోటి పిక్సెళ్ళను మరొక చోట ఉన్నదున్నట్లుగా అతికిస్తుంది. హీల్ పరికరం అతికించే చోటి వెలుగుకు, రంగుకు తగినట్లు సర్ది కలుపుతుంది. రెండింటిలోనూ కంట్రోల్ మీట పట్టుకొని మంచి చోటును నొక్కి, తరువాత మచ్చపై పూయాలి. చర్మంపై మచ్చలకు హీల్, గీతల అంచుల వద్ద క్లోన్ అనుకూలం. ఈ పనిని నకలు పొరపైనే చేయాలి.

6. పరిమాణం మార్చడం: ఇమేజ్ మెనూలోని 'స్కేల్ ఇమేజ్' ఇందుకు ఉపయోగపడుతుంది. 4000 × 3000 చిత్రాన్ని 800 × 600కు తగ్గిస్తే 25 పిక్సెళ్ళ స్థానంలో ఒక్కటే మిగులుతుంది. తిరిగి పెంచితే ఆ ఒక్కదాని నుండి 25 రావు, గింప్ ఇరుగుపొరుగు విలువలను బట్టి ఊహించి నింపుతుంది. చిన్న ఫొటోను పెద్దది చేసినపుడు మసకగా కనిపించేది ఇందువల్లనే.

7. పదును పెట్టడం: పరిమాణం తగ్గించిన తరువాతనే 'షార్పెన్' ఫిల్టరు వాడాలి. ఇది అంచుల వద్ద వెలుగునీడల తేడాను పెంచుతుంది. మోతాదు మించితే గీతల చుట్టూ తెల్లని అంచు కట్టినట్లు కనిపిస్తుంది. కెమెరా కదిలి అలుక్కుపోయిన ఫొటోను ఇది బాగుచేయలేదు.

8. ఎక్స్‌పోర్ట్ చేయడం: జేపెగ్‌గా ఇచ్చేటపుడు నాణ్యతను 0 నుండి 100 వరకు ఎంచుకోవచ్చును. చిత్రంతో పాటు తీసిన తేదీ, కెమెరా వివరాలు, ఒక్కొక్కసారి తీసిన ప్రదేశపు అక్షాంశ రేఖాంశాలు కూడా ఫైలులో ఉంటాయి. ఇంటివద్ద తీసిన ఫొటోలను అంతర్జాలంలో పెట్టేవారు ఎక్స్‌పోర్ట్ సమయంలో ఈ ఎగ్జిఫ్ సమాచారాన్ని వదిలివేయడం మంచిది.

దరఖాస్తులకు ఫొటో తయారీ

పోటీ పరీక్షల దరఖాస్తులలో ఫొటో కొలత, ఫైలు పరిమాణం ఇంతకు మించరాదని నిబంధనలు ఉంటాయి. ఈ పనిని విద్యార్థులు గింప్‌తో స్వయంగా చేసుకోవచ్చును. 35 × 45 మిల్లీమీటర్ల ఫొటో కావాలనుకుందాం. క్రాప్ పరికరంలో నిష్పత్తిని 35:45గా స్థిరపరచి ముఖం మధ్యకు వచ్చేలా కత్తిరించాలి. ముద్రణకు అంగుళానికి 300 పిక్సెళ్ళు సరిపోతాయి. అంగుళమంటే 25.4 మిల్లీమీటర్లు గనుక వెడల్పు 35 ÷ 25.4 × 300, అంటే సుమారు 413 పిక్సెళ్ళు. ఎత్తు సుమారు 531 పిక్సెళ్ళు. స్కేల్ ఇమేజ్‌లో ఈ విలువలు ఇవ్వాలి. జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసేటపుడు 'షో ప్రివ్యూ' అన్నదానిని ఎంచుకొంటే నాణ్యతను తగ్గిస్తున్నకొద్దీ ఫైలు ఎన్ని కిలోబైట్లకు దిగుతున్నదో అక్కడే కనిపిస్తుంది. ముందుగా పిక్సెళ్ళ కొలతను తగ్గించక నాణ్యతను మాత్రమే తగ్గించబోతే ముఖం గళ్ళు గళ్ళుగా విరిగిపోతుంది.

పాత ఫొటోల పునరుద్ధరణ

పెళ్ళి ఫొటోలు, బడి వీడ్కోలు ఫొటోలు, పెద్దల ఏకైక చిత్రాలు తేమకు, బూజుకు, చెదలకు పాడవుతుంటాయి. ఇటువంటి వాటిని ముందుగా స్కానరుపై అంగుళానికి 600 పిక్సెళ్ళ చొప్పున, పీఎన్‌జీ లేక టిఫ్ రకంలో నమోదు చేయడం మంచిది. పటం కట్టిన అద్దానికి ఫొటో అతుక్కొని ఉంటే దానిని లాగివేయరాదు. కాగితంపై పొర ఊడి అద్దానికే ఉండిపోతుంది. అద్దంతోనే స్కాన్ చేయాలి.

నలుపు తెలుపు ఫొటోనైనా రంగులలోనే స్కాన్ చేయాలి. దీనికి కారణం ఉన్నది. పసుపు మరక నీలి కాంతిని పీల్చుకొని ఎరుపు కాంతిని తిప్పిపంపుతుంది. అందుచేత నీలం విలువలలో మరక చిక్కగా, ఎరుపు విలువలలో పలుచగా కనిపిస్తుంది. కలర్స్ మెనూలో డీశాచురేట్ కిందనున్న 'మోనో మిక్సర్'లో ఎరుపు పాలును పెంచి, నీలం పాలును సున్నా చేస్తే మరక చాలావరకు మాయమవుతుంది. బూడిదరంగులో స్కాన్ చేసి ఉంటే ఈ అవకాశం ఉండదు.

తరువాత లెవెల్స్‌తో వెలిసిన భాగాలను తేటపరచి, హీల్ పరికరంతో చుక్కలను, మడత గీతలను ఒక్కొక్కటిగా సరిచేయాలి. 'డీస్పెకిల్' ఫిల్టరు చుక్కలన్నింటినీ ఒకేసారి తుడవగలదు గాని, ధూళి చుక్కకు, కంటిలోని మెరుపుకు తేడా దానికి తెలియదు. ముఖాలపై దానిని వాడరాదు.

ముఖంలో కొంత భాగం చెదలు తినివేస్తే ఏమి చేయాలన్నది కష్టమైన ప్రశ్న. నేపథ్యపు గోడను, చీర రంగును పక్క భాగాలతో నింపడంలో తప్పు లేదు. కాని ఒక కంటిని తిప్పి రెండవ కన్నుగా అతికిస్తే, లేదా కృత్రిమ మేధ ఉపకరణంతో ముఖాన్ని నింపిస్తే, వచ్చేది చూడడానికి చక్కని ముఖమే గాని ఆ మనిషి ముఖం కాకపోవచ్చును. వారిని చూసి ఎరిగినవారు ఉన్నపుడు పొరపాటును పట్టుకోగలరు. తరువాతి తరానికి ఆ ఊహే నిజమై నిలుస్తుంది. అందువలన బాగుచేసిన ప్రతితో పాటు, చినిగినది చినిగినట్లే ఉన్న స్కాన్ ప్రతిని కూడా దాచాలి. వెనుకవైపు రాసిన పేర్లు, తేదీ, స్టూడియో ముద్ర ఉంటే దానిని కూడా స్కాన్ చేయడం అవసరం.

తెలుగు అక్షరాలు

గింప్ యూనికోడ్ పాఠాన్ని అంగీకరిస్తుంది గనుక టెక్స్ట్ పరికరంతో తెలుగును నేరుగా టైపు చేయవచ్చును. ఒత్తులు, గుణింతాలు సక్రమంగా అమరుతాయి. పోతన, వేమన, లోహిత్ తెలుగు, మండలి, రామభద్ర, ధూర్జటి వంటి యూనికోడ్ ఖతులు అంతర్జాలంలో ఉచితంగా లభిస్తాయి. డీటీపీ కేంద్రాలలో చిరకాలంగా వాడుతున్న యూనికోడేతర ఖతులలో టైపు చేసిన పాఠాన్ని నేరుగా అతికిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. అటువంటి పాఠాన్ని ముందుగా యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. ఎక్స్‌సీఎఫ్ ప్రతిలో అక్షరాలు పాఠంగానే ఉంటాయి. జేపెగ్‌గా మారిన తరువాత అవి పిక్సెళ్ళు మాత్రమే, అచ్చుతప్పును దిద్దుకోవడం కుదరదు.

పరిమితులు, తోడు సాఫ్టువేర్లు

ముద్రణాలయాలు వాడే నాలుగు సిరాల పద్ధతిలో నేరుగా పనిచేసే పూర్తి సదుపాయం గింప్‌లో లేదు. పెద్ద కెమెరాల రా ఫైళ్ళను అది స్వయంగా తెరవదు. 2009లో మొదలైన డార్క్‌టేబుల్ గాని, రాథెరపీ గాని కంప్యూటరులో ఉంటే 2.10 నుండి వాటి ద్వారా తెరుస్తుంది. రేఖాచిత్రాలకు, చిహ్నాలకు ఇంక్‌స్కేప్, చేతితో బొమ్మలు వేయడానికి క్రిటా, వేల ఫొటోలను వరుసలో పెట్టుకోవడానికి డిజీకామ్, ఒకే మార్పును వందల ఫైళ్ళకు ఒకేసారి చేయడానికి ఇమేజ్‌మ్యాజిక్ అనుకూలం. ఇవన్నీ స్వేచ్ఛా సాఫ్టువేర్లే.

సవరణకు హద్దులు

ఛాయాచిత్రం సాక్ష్యంగా నిలిచే చోట సవరణకు హద్దు ఉంటుంది. 1982 ఫిబ్రవరి నాటి నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ముఖచిత్రంలో, నిలువు పుటకు సరిపడేందుకు ఈజిప్టు పిరమిడ్లను ఒకదానికొకటి దగ్గరగా జరిపారు. ఇది తీవ్ర విమర్శకు గురైనది. 2006 ఆగస్టులో లెబనాన్ యుద్ధ సమయంలో బీరూట్ నగరంపై లేచిన పొగను క్లోన్ పరికరం వంటి దానితో చిక్కగా చేసిన ఫొటో ఒకటి రాయిటర్స్ వార్తాసంస్థ ద్వారా వెలువడినది. ఒకే ఆకారపు పొగ మేఘాలు పక్కపక్కనే పునరావృతం కావడాన్ని పాఠకులు గుర్తించారు. రాయిటర్స్ ఆ ఛాయాగ్రాహకుని 920 ఫొటోలను తన భాండాగారం నుండి తొలగించినది. ఒక్క ఫొటోలో చేసిన మార్పు వలన మిగిలిన వాటినీ నమ్మలేని స్థితి ఏర్పడినది.

వార్తకు, చరిత్రకు, విజ్ఞాన సర్వస్వానికి వాడే చిత్రాలలో వంపు, వెలుగు, రంగు సరిచేయడం సాధారణంగా అంగీకృతం. ఉన్న దానిని తీసివేయడం, లేని దానిని చేర్చడం అంగీకృతం కాదు. శాసనం ఫొటోలో అక్షరాలు తేటపడేలా వెలుగునీడలు సర్దవచ్చును. అరిగిపోయిన అక్షరాన్ని గీసి చూపితే అది శాసనం కాదు, ఒకరి పాఠం మాత్రమే. వికీమీడియా కామన్స్ వంటి భాండాగారాలలో సవరించిన చిత్రాన్ని చేర్చేటపుడు, ఏమి మార్చినదీ వివరణలో రాసి, అసలు చిత్రాన్ని కూడా విడిగా ఉంచడం మంచి ఆనవాయితీ. అసలు ప్రతి అందుబాటులో ఉన్నంతవరకు, తరువాత వచ్చినవారు రెండింటినీ పోల్చి చూసుకొనగలరు, పొరపాటు ఉంటే మొదటి నుండి తిరిగి సవరించనూగలరు.